పురుడైనంక కొట్టిద్దాం

మా ఇంట్లో బాత్‌టబ్ ఉండేదంటే వనపర్తిలో ఎవరూ ఒక పట్టాన నమ్మరు. సిమెంటు నీళ్ల హౌజు కాదు, ప్లాస్టిక్ డ్రమ్ము కాదు. సినిమాల్లో హీరోయిన్ నురగలో పడుకుని కాళ్లు ఊపే తెల్లటి టబ్బు. అరవై గజాల ఇంట్లో, మనిషి పక్కకు తిరిగితే మోచేయి గోడకు తగిలే గదిలో, అది గున్న ఏనుగులా పడి ఉండేది. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అని పెళ్లయి వచ్చిన వారానికే అనేశాను. నా నోరు అంతే. ఆ నోటికి భయపడే మా అమ్మ నన్ను తొందరగా అత్తారింటికి పంపిందని నా అనుమానం.

ఆ టబ్బు తెచ్చింది మా మామ అనంతయ్య. పెద్దమందడి దగ్గరి పల్లె నుంచి మీసాలు రాని వయసులో బొంబాయికి కూలికి పోయి, ఇరవై రెండేళ్లు హోటళ్లలో బాత్రూములు బిగించాడు. ఒక పాత హోటలు పడగొడుతుంటే అందులోంచి తెల్ల పూత వేసిన ఇనుప టబ్బు ఒకటి అడిగి తీసుకుని, ఊరికి వస్తున్న కూలీల లారీలో మూటల కింద పెట్టి తెచ్చాడు. ఊరందరికీ తొట్లు పెట్టినోణ్ని, నా పెండ్లానికి ఒకటి పెట్టనా అన్నాడట. తీరా పెట్టాక చూస్తే నల్లా మూడు రోజులకొకసారి వచ్చే కాలం. మా అత్త సత్యమ్మ దాన్నిండా నీళ్లు పట్టి, పైన చెక్క మూతేసి, చెంబుతో ముంచుకుని వాడింది. బోరు వేయించి మిద్దె మీద ట్యాంకు పెట్టాకే టబ్బు ఖాళీ అయింది. అప్పటి నుంచి ఇంటిల్లిపాదీ దాని అంచు దాటి లోపలికి దిగి, నిలబడి స్నానం చేసేవాళ్లం. మామ పోయి నాలుగేళ్లయింది.

అంచు మోకాలెత్తు. కాళ్లు బాగున్నన్నాళ్లూ అది ఒక ఎత్తని ఎవరికీ తోచలేదు.

కిందటేడు మా అత్త పల్లిచేనులో పడింది. కూలికి పోవద్దని కొడుకు మొత్తుకున్నా వినకుండా పోయి, గట్టు మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. కర్ర పట్టుకుని ఇంట్లో తిరగొచ్చు, కింద కూర్చోవద్దు, ఎత్తులు దాటొద్దు అని డాక్టరు చెప్పి పంపాడు. మెట్లు వద్దన్నాడు, చేను వద్దన్నాడు. ఆమె అన్నిటికీ సరే అంది. ఇంటికి వచ్చి కట్లు విప్పిన రోజు బాత్రూము గుమ్మంలో నిలబడి టబ్బు వంక చూసినప్పుడు ఆమెకు అసలు సంగతి అర్థమైంది.

మా ఆయన మహిపాల్ తల్లిని రెండు చేతులా ఎత్తి లోపల స్టూలు మీద కూర్చోబెట్టాడు. పాపం, తలుపు వైపు తిరిగి నిలబడ్డాడు కూడా. ఆమె కళ్లు గట్టిగా మూసుకుని, కొంగు పళ్ల మధ్య పెట్టుకుని, చీర మీదనే నాలుగు చెంబులు పోసుకుంది. ఆ తరువాత రెండు రోజులు కొడుకుతో మాట్లాడలేదు. నాతో మాత్రం అంది.

"సచ్చినంక ఎట్లయిన నలుగురు గలిసి పోస్తరు బిడ్డా. బతికున్నన్ని దినాలు నా తానం నన్ను జేసుకోనియ్యుండ్రి. ఇంకేం అడుగ మిమ్మల్ని."

సత్యమ్మ అడిగింది అదొక్కటే. పొద్దున్నే స్నానం చేయనిదే నోట్లో బుక్క పెట్టని మనిషి. నాట్లప్పుడు, కోతలప్పుడు తెల్లవారక ముందే లేచి చన్నీళ్లయినా పోసుకునే పోయేదట. ఆ తలుపు వేసుకున్న పావుగంట మాత్రమే రోజు మొత్తంలో ఆమెది. మిగతాదంతా చేనుది, మామది, కొడుకుది.

తరువాత నేను పట్టాను. నా భుజం మీద చెయ్యేసి, మంచి కాలు ముందు పెట్టి, రెండో కాలిని నేను ఎత్తిపెడితే లోపలికి దిగేది. దిగాక నన్ను బయటికి పొమ్మనేది. అలా రెండు నెలలు గడిచాయి. అంతలో నాకు నెల తప్పింది.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. నాకు అంతకుముందు రెండుసార్లు కడుపు పోయింది. మొదటిది నాలుగో నెలలో. రెండోది ఆరో నెలలో, అందరికీ చెప్పుకున్నాక. ఆ రెండోసారి అది పోవడానికి ఎనిమిది రోజుల ముందు, పొగ బయటికి పోవడానికి ఫ్యాను పెట్టిద్దామని వంటింటి గోడకు బొక్క కొట్టించాను. నేనే దగ్గర నిలబడి కొట్టించాను. ఇంట్లో కడుపుతో ఉన్న ఆడది ఉంటే గోడ పగలగొట్టవద్దు, గుంత తవ్వవద్దు అని మా వైపు ప్రతి ఇంట్లో అంటారు. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేదాన్ని. గోడకు, గర్భానికి ఏం సంబంధమని ఆ రోజు అందరి నోళ్లూ మూయించాను. తరువాత ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, నన్ను ఆ మాట దెప్పలేదు. సత్యమ్మయితే అసలే అనలేదు. అని ఉంటే ఎదురు తిరిగి పోట్లాడేదాన్ని, మనసులోంచి పోయేది. అనకపోయేసరికి అది నాలోనే ఉండిపోయింది.

మూడోసారి నాకు నెల తప్పిందని తెలిసిన రోజు నుంచి మా అత్త నా భుజం పట్టుకోవడం మానేసింది. "నా బరువు నీ మీద ఎయ్య" అంది. ఇక కొడుకు ఎత్తడం ఆమెకు ఇష్టం లేదు. స్నానం తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకోవడం దాకా వచ్చింది.

నాకు మండింది. టబ్బు పీకించి, గడప లేకుండా నేల మట్టానికి షవర్ గది చేయిద్దాం, గోడకు పట్టుకునే రాడ్డు పెట్టిద్దాం, కర్ర పట్టుకుని నడిచిపోయి కుర్చీలో కూర్చుని నల్లా తిప్పుకోవచ్చు అన్నాను. మహిపాల్ తల గోక్కున్నాడు. సత్యమ్మ వెంటనే అడ్డం పడింది.

"పురుడైనంక కొట్టిద్దాం బిడ్డా. అప్పటిదాంక ఎట్లనో ఎల్లదీస్త."

"మీ కొడుకు జేసీబీ నడుపుతుండు. ఊర్ల సగం గోడలు కూలగొట్టేది ఈయననే. గవ్విటికి లేని పట్టింపు మన బాత్రూంకెందుకు అత్తమ్మా?"

"అవి వేరేటోళ్ల గోడలు" అన్నాడు మహిపాల్.

వారం రోజులు వాదించి నేనే గెలిచాను. ఒప్పుకున్నాక మా అత్త ముఖంలో వెలుగు చూడాలి. పాన్‌గల్ నుంచి వచ్చే యోసేపు మేస్త్రిని పిలిచాం. ఆయన గది కొలిచి, నీళ్లు మోరీ వైపు జారేలా నేలకు వాటం ఎంత పెట్టాలో చూసుకుని, మా అత్తను గోడ పక్కన నిలబెట్టి, ఆమె చెయ్యి ఎక్కడికి అందుతుందో అక్కడ పెన్సిలుతో గీత పెట్టాడు. టైల్స్ షాపుకు ఆటోలో తీసుకుపోతే ఆమె చెప్పు విప్పి ప్రతి పలక మీద కాలు రుద్ది చూసి, జారనిది ఎంచింది. "గిది మంచిగున్నది, పొలం గట్టు తీర్గ పట్టుకుంటున్నది" అంది. జీవితంలో ఆమె తన కోసం ఎంచుకున్న వస్తువు అదొక్కటేనేమో అనిపించింది నాకు.

యోసేపు పనిముట్ల సంచీతో వచ్చిన రోజు ఆదివారం కాదు, శనివారం. ఆదివారం ఆయనకు చర్చి. నాకు అప్పటికి ఐదో నెల పడి పది రోజులు. ఆయన బాత్రూములో బకెట్లు బయట పెట్టించి, సమ్మెట చేతిలోకి తీసుకుని, ఏ ఇంట్లో పని మొదలుపెట్టినా అడిగే మాట అడిగాడు.

"ఇంట్ల కడుపుతోటి ఉన్నోళ్లు ఎవలు లేరు గద?"

మహిపాల్ గోడకేసి చూశాడు. మా అత్త కర్ర వంక చూసింది.

"నేనే అన్నా. ఐదో నెల. ఏం గాదు, కొట్టు" అన్నాను.

యోసేపు సమ్మెట దించాడు. "మా పాస్టరు గిసుంటియి నమ్మొద్దంటడు చెల్లె. నిజమే గావొచ్చు. కానీ నా చేతికి ఒణుకొస్తది. నువ్వు గట్టిగ ఉంటే ఇంకోసారి నీ నోటితోటి చెప్పు. నువ్వు కొట్టమంటే కొడ్త. రేపు ఏమన్న అయితే మాత్రం యోసేపు చేసిండనొద్దు."

ఇంకోసారి చెప్పడానికి నోరు తెరిచాను. వంటింటి గోడ బొక్కలోంచి ఎర్ర ఇటుక పొడి కింద పడటం, దవాఖానలో తెల్లగుడ్డలో చుట్టి ఇచ్చినదాన్ని నేను చూడనంటే మహిపాల్ ఒక్కడే తీసుకుపోవడం, రెండూ ఒకేసారి కళ్ల ముందుకొచ్చాయి. నా చెయ్యి నాకు తెలియకుండానే పొట్ట మీదికి పోయింది. పదో తరగతి పిల్లలకు పిండం ఎలా పెరుగుతుందో బోర్డు మీద బొమ్మ వేసి చెప్పే చెయ్యి అది.

మా అత్త ఆ చెయ్యిని చూసింది.

"యోసేపూ, సమ్మెట సంచిల పెట్టు" అంది. "నాకేం తొందర? నాలుగు నెల్లే గద. పురుడైనంక ఫోన్ చేస్తం, వద్దువుగని."

వద్దు అత్తమ్మా అనాలి నేను. ఆ ఒక్క మాట అంటే ఆయన కొట్టేవాడు. నేను అనలేదు. నా గుండె బరువు దిగినట్టయింది, దాన్ని దాచి ఏం లాభం? యోసేపు చాయ్ తాగి వెళ్లిపోయాడు. టైల్స్ పెట్టెలు వసారాలో గోడకు చేరేశాం. పక్కింటి లలితమ్మ వచ్చి మంచి పని చేసిండ్రు, కడుపుకంటే ఎక్కువనా తానం అంటే ఆమె మీద విరుచుకుపడ్డాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అన్నాను. నిజానికి ఆ రోజు కందనైన నాకే దురద లేకపోయింది. ఆమెను తిట్టి నన్ను నేను తప్పించుకున్నాను.

ఆ తరువాత మా అత్త ఏర్పాటు ఆమే చేసుకుంది. బాత్రూముకు, వంటింటికి మధ్య ఉన్న సందులో ప్లాస్టిక్ కుర్చీ, తాడు మీద పాత చీర ఒకటి అడ్డం. మేమిద్దరం పనులకు పోయాక ముందు తలుపు గడియ పెట్టుకుని అక్కడ కూర్చుని తుడుచుకునేది. వారానికొకసారి తలకు నేను పోసేదాన్ని. అప్పుడు కూడా రవిక విప్పేది కాదు.

ఏడో నెలలో ఒక రోజు బడికి పోయిన కాసేపటికే సెలవిచ్చేస్తే తిరిగి వచ్చాను. నా దగ్గరి తాళంచెవితో వెనక తలుపు తీసి వస్తే, చీర వెనక సత్యమ్మ ఉంది. ఆ సందుకు పైకప్పు లేదు. పక్కవాళ్ల మిద్దె మీద ఎవరో బట్టలు ఆరేస్తున్నారు. ఆమె చీర మొత్తం ఒంటి చుట్టూ కప్పుకుని, దాని కింద చెయ్యి పెట్టి, తడి తువాలుతో మెడా చంకలూ తుడుచుకుంటోంది. చలికాలం. చీర సగం తడిసి వణుకుతోంది.

"ఎవలు?" అంది. ఆ గొంతులో భయం నేను అంతకుముందెప్పుడూ వినలేదు.

"నేనే అత్తమ్మా."

"అటు దిరుగు. జర అటు దిరుగు బిడ్డా, అయిపోతది."

నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. ఆ సాయంత్రం ఫోను తీసి యోసేపు నంబరు పెట్టుకుని కూర్చున్నాను. ఒక్కసారి నొక్కితే మూడు రోజుల పని. కడుపులో బిడ్డ కదిలింది. ఫోను పక్కన పెట్టేశాను. అట్లా ఒకసారి కాదు, నాలుగైదు సార్లు జరిగింది. ప్రతిసారీ ఇంకా ఎన్ని రోజులని, తక్కువే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మా అత్త కూడా ఎప్పుడన్నా వసారాలో పెట్టెల పక్కన కూర్చుని, పైన ఉన్న పలకను అరికాలితో రుద్ది చూసుకునేది. నన్ను మాత్రం ఒక్క మాట అడగలేదు.

తొమ్మిదో నెల పడిన నాలుగో రోజు పొద్దున, నేను బడికి సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. సందులోంచి చెంబు పడిన చప్పుడైంది. పిలిస్తే పలకలేదు. చీర తొలగించి చూస్తే మా అత్త కుర్చీలో ఒక పక్కకు వాలి ఉంది. తువాలు ఎడమ చేతిలో ఉంది. కుడి చెయ్యి కిందికి వేలాడుతోంది. నోరు ఒక వైపుకు పోయింది. నన్ను చూసి ఆమె చేసిన మొదటి పని, ఎడమ చేత్తో చీరను గుండెల మీదికి లాక్కోవడం.

దవాఖానలో పదకొండు రోజులు ఉంచారు. రక్తపోటు, మెదడులో నరం అన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు ఇక రావని మహిపాల్‌కు చెప్పారు. మాట కొంచెం కొంచెం తిరిగొచ్చింది. ఆమెను ఇంటికి తెచ్చిన ఆరో రోజున నాకు కాన్పయింది. ఆడపిల్ల. మూడు కిలోల మీద వంద గ్రాములు, గట్టిగా ఏడ్చింది. దాన్ని నా పక్కన పడుకోబెట్టినప్పుడు నేను సంతోషపడ్డాను, లేదనను. ఆ సంతోషంలోనే ఒక లెక్క కూడా తేలింది. తుంటి బాగై, రెండు చేతులూ ఉండి, కర్రతో నడిచిపోయి, ఎవరి సాయం లేకుండా స్నానం చేయగలిగే రోజులు సత్యమ్మకు మొత్తం మీద నాలుగు నెలలే ఉండె. ఆ నాలుగు నెలలే మేం ఆగింది.

ఇరవై ఒకటో రోజు పురుడయ్యాక మహిపాలే యోసేపుకు ఫోను చేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టని తెలుసు. అయినా చేయించక తప్పదు. యోసేపు ఈసారి ఏమీ అడగలేదు. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి చుట్టూ ఉన్న ఇటుకలు రాలగొట్టి, నలుగురు మనుషులను పిలిచి టబ్బును బయటికి లాగించాడు. అది ఉన్న చోట నేల ఎండిన బురదలా ఉంది. అంతే, ఇంత చిన్న పని. నేను బిడ్డకు పాలిస్తూ మంచం మీద కూర్చుని ప్రతి దెబ్బా విన్నాను.

రాడ్డు బిగించే ముందు యోసేపు నా దగ్గరికి వచ్చాడు. గోడ మీద తాను పెట్టిన పెన్సిలు గీత కుడి వైపుంది.

"ఎడమ దిక్కు పెట్టనా చెల్లె?"

"పెట్టన్నా."

"నేను ఆ రోజు అడగకపోతే పని అయిపోతుండె" అన్నాడు ఆయన. నువ్వు అడిగితే తప్పు లేదన్నా, చెప్పాల్సినదాన్ని నేను అన్నాను.

గది బాగా కుదిరింది. గడప లేదు, చక్రాల కుర్చీ నేరుగా లోపలికి పోతుంది. నేల మీద ఒక చుక్క నిలవకుండా మోరీలోకి పోతుంది. మొదటి రోజు నేనే తీసుకుపోయాను. బిడ్డను మా అమ్మకు ఇచ్చి, మా అత్తను కుర్చీలో తోసుకుంటూ లోపలికి వెళ్లాను. ఆమె చుట్టూ చూసింది. చెప్పుల్లేని ఎడమ పాదాన్ని పలక మీద ఒకసారి అటూ ఇటూ జరిపింది. రాడ్డు పట్టుకుని లేవబోయింది. భుజం వరకు బలం పట్టింది, నడుము లేవలేదు. రెండోసారి ప్రయత్నించింది. మూడోసారి నేను పట్టుకోబోతే నా చెయ్యి తోసేసింది. తరువాత తనే రాడ్డు వదిలేసింది.

చీర నేనే తీశాను. ఆమె ముఖం గోడ వైపు తిప్పుకుంది. గుండెల మీద అడ్డం పెట్టుకోవడానికి ఆమెకు ఒక్క చెయ్యే ఉంది. అప్పుడు ఇక నా వల్ల కాలేదు. కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను.

"అత్తమ్మా, ఆ రోజు నేను కొట్టమనాల్సి ఉండె. అందరికి నీతులు చెప్తిగానీ నా దాంక వచ్చేసరికి భయపడ్డ. నీ నాలుగు నెలలు నేనే తిన్న."

మాట కూడదీసుకోవడానికి ఇప్పుడు ఆమెకు చాలాసేపు పడుతుంది.

"నేను... గూడ... భయపడ్డ" అంది. "నీ కోసం గాదు... ఆ బిడ్డ కోసం."

నేను వెచ్చని నీళ్లు తిప్పి, చేతి మీద పోసి చూసి, ఆమె భుజాల మీదికి వదిలాను. ఆమె కళ్లు మూసుకుంది. కొంచెంసేపయ్యాక ఎడమ చెయ్యి ఎత్తి తలుపు చూపించింది.

"నువ్వు... బైటికి పో."

"పడిపోతవు అత్తమ్మా."

"పో. తలుపు... ఎయ్యి."

మెత్తటి చీర ఒకటి మడతపెట్టి ఆమె నడుమును కుర్చీకి కట్టాను. షవర్‌ను గోడకు తగిలించి నీళ్లు ఆమె మీద పడేలా తిప్పాను. సబ్బు ఒళ్లో పెట్టాను, అది జారితే ఆమె వంగి అందుకోలేదని తెలిసి కూడా. బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేసి, అక్కడే నిలబడ్డాను.

లోపల నీళ్లు ఒకే ధారగా పడుతున్నాయి. మధ్యలో ఆగడం లేదు, చెయ్యి అడ్డం వచ్చిన చప్పుడు లేదు. తరువాత ఆ నీళ్ల చప్పుడు కింద ఇంకో చప్పుడు మొదలైంది. ముందు నాకు అర్థం కాలేదు. తుంటి విరిగినప్పుడు ఏడవని మనిషి, చెయ్యీ కాలూ పడిపోయినా దవాఖానలో ఒక్క చుక్క రాల్చని మనిషి, సత్యమ్మ ఏడుస్తోంది. నోరు వంకర పోయింది కదా, ఏడుపు కూడా సరిగా రావడం లేదు. ఏడాదిగా ఆమె చుట్టూ ఇంట్లో మేమో, మేం లేనప్పుడు పక్క మిద్దెల మీదివాళ్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉన్నారు. ఏడవడానికి ఆమెకు ఒక తలుపు లేకపోయింది.

ఏమైందని మా అమ్మ బిడ్డను ఎత్తుకుని వచ్చింది. ఏం లేదు, అత్తమ్మ స్నానం చేస్తోంది అని చెప్పాను. ట్యాంకులో నీళ్లు అయిపోయే దాకా నేను ఆ తలుపు తీయలేదు.